ఓడ ఆగింది, స్పేర్ రావట్లేదు: వైజాగ్ షాపులు ఏ మరమ్మతు పద్ధతి ఎంచుకోవాలి?

ఈ మధ్య ఆటోనగర్‌లో నలుగురు వర్క్‌షాపు ఓనర్లు కలిస్తే చర్చ ఇదే. డిఫెన్స్ పని పట్టాలంటే మెటల్ త్రీడీ ప్రింటర్ కొనాలా, లేజర్ క్లాడింగ్ (అరిగిన చోట లేజర్‌తో లోహం కరిగించి పేర్చడం) పెట్టాలా, ఉన్న సీఎన్‌సీతోనే (కంప్యూటర్ నడిపే కోత మెషీన్) నెట్టుకురావాలా? మెషీన్ అమ్మేవాళ్లు ఆ మెషీన్ ఏం చేయగలదో చూపిస్తారు. ఓడ ఇంజినీరు అడిగేది మాత్రం వేరు: ఈ పంపు మళ్లీ ఎప్పుడు తిరుగుతుంది, తిరిగితే ఎన్నాళ్లు తిరుగుతుంది, ఆగిపోతే బాధ్యత ఎవరిది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గరి చాలా షాపులకు మొదట కావాల్సింది కొలిచే సామాను, లోహాన్ని పరీక్షించే ఏర్పాటు. తర్వాత లేజర్ క్లాడింగ్. పౌడర్‌తో పనిచేసే మెటల్ ప్రింటర్ సొంతంగా కొనడం అన్నిటికన్నా చివర. ఎందుకో కింద వివరంగా రాశాను. మీ పరిస్థితి వేరైతే మీ ఎంపికా మారుతుంది.

## ముప్పు అంటే ఏ ముప్పు?

తూర్పు నౌకాదళ కమాండ్, నేవల్ డాక్‌యార్డ్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, గ్యాస్ టర్బైన్లు ఓవర్‌హాల్ చేసే ఐఎన్ఎస్ ఏకశిలా, అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. పనికి కొదవ లేదు. కానీ 'యుద్ధ సమయంలో మరమ్మతు' అని అందరూ ఒకే మాట వాడేస్తారు. అందులో మూడు వేర్వేరు పరిస్థితులున్నాయి. ఏ పద్ధతి మంచిదో వాటిని బట్టే మారుతుంది.

ఒకటి, ఊరు బాగానే ఉంటుంది కానీ సరఫరా ఆగిపోతుంది. ఐఎన్ఎస్ విశాఖపట్నంతో సహా మన డిస్ట్రాయర్లు చాలావాటి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో ఉన్న జోర్యా-మాష్‌ప్రోయెక్ట్ కంపెనీవి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఆ ఊరి మీదే క్షిపణులు పడ్డాయి. ఇలాంటప్పుడు మన దగ్గర కరెంటు, గ్యాస్, మనుషులు అన్నీ ఉంటాయి. లేనివి స్పేరూ, దాని డ్రాయింగూ.

రెండు, ఊరే దెబ్బతింటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి. ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. కానీ 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ అందరికీ గుర్తే. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, కరెంటు రోజుల తరబడి రాలేదు, ఫోన్లు పనిచేయలేదు, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి. అలాంటి వారంలో వెల్డింగ్, ప్రింటింగ్‌లకు కావాల్సిన ఆర్గాన్ గ్యాస్ సిలిండర్ ఎక్కడినుంచి తెస్తారు? కోట్ల మెషీన్‌కు నికరమైన త్రీఫేజ్ కరెంటు ఎవరిస్తారు?

మూడు, ఓడ సముద్రంలో దూరంగా ఉంటుంది. అప్పుడు ఆటోనగర్ చేసే సాయం ముందుగా తయారుచేసి ఇచ్చిన సామాను రూపంలోనో, పంపే డిజైన్ ఫైల్ రూపంలోనో ఉండాలి.

## ముందు చూసుకోవాల్సినవి

మెషీన్ పేరు ఎత్తకముందే ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి.

భాగం అరిగిందా, విరిగిందా? అరిగినదాని మీద లోహం పేర్చితే చాలు. విరిగినది చాలావరకు కొత్తగా చేయాల్సిందే. ఓడ పంపులు, వాల్వుల పనిలో మనకు ఎదురయ్యేవి ఎక్కువగా అరుగుదల, తుప్పు. అందుకే 'తయారీ' కన్నా 'పూత, పేర్పు' వైపు మొగ్గడం నా పద్ధతి.

వేడి తట్టుకుంటుందా? పొడవాటి షాఫ్ట్‌కు ఒకపక్క వెల్డింగ్ చేస్తే వంగుతుంది. అల్యూమినియం గేర్‌బాక్స్ కేసింగ్‌కు వెల్డ్ చేస్తే బేరింగ్ సీటు గుండ్రం పోతుంది.

బయటినుంచి ఏమేం రావాలి? కరెంటు, గ్యాస్, పౌడర్ లేదా వైరు, సాఫ్ట్‌వేర్ లైసెన్స్, విదేశీ సర్వీస్ ఇంజినీరు, అన్నీ ఒక కాగితం మీద రాయండి. ముప్పు సమయంలో ఆ జాబితా ఎంత చిన్నదైతే పద్ధతి అంత గట్టిది. ఇంటర్నెట్ లేకపోతే స్టార్ట్ కాని మెషీన్లూ ఉన్నాయి, కొనేముందు అడగండి.

ఇక చివరిది, షాపులవాళ్లు మర్చిపోయేది: దీన్ని ఎవరు ఒప్పుకుంటారు? భాగం విఫలమైతే నీళ్లు లోపలికొస్తాయా, లేక ఒక క్యాబిన్‌లో ఏసీ ఆగుతుందా? రెండోదానికి కాగితాలు తక్కువ. మొదటిదానికి మీ దగ్గర ప్రపంచంలోనే మంచి మెషీన్ ఉన్నా, పరీక్షల రికార్డు లేకపోతే గేటు దాటదు.

పోలిక గాలిలో ఉండకుండా మూడు నమూనాలు పెట్టుకుందాం. మొదటిది సముద్రపు నీటి పంపు స్టెయిన్‌లెస్ షాఫ్ట్. గ్లాండ్ ప్యాకింగ్ (నీళ్లు కారకుండా షాఫ్ట్ చుట్టూ బిగించే తాడు) కూర్చునే చోట చుట్టూ గాడి పడింది, లోతు అర మిల్లీమీటరు లోపే, వేలిగోరు ఆనిస్తే తగులుతుంది. రెండోది అదే పంపు గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన కంచు) ఇంపెల్లర్, అంటే నీటిని తోసే రెక్కల చక్రం; రెక్కల అంచులు క్యావిటేషన్ (నీటిలో పుట్టే బుడగలు పగిలి కొట్టడం) వల్ల తేనెపట్టులా గుంటలు పడిపోయాయి. మూడోది అల్యూమినియం కేసింగ్, ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) ముఖం తుప్పు తిని పొడిపొడిగా రాలుతోంది.

## లేత్, మిల్లింగ్, సీఎన్‌సీ: పాతదే, కానీ పునాది

షాఫ్ట్‌కు సంప్రదాయ వైద్యం అందరికీ తెలుసు. గాడి ఉన్న చోట కొంత తీసేసి, స్లీవ్ (గొట్టంలాంటి తొడుగు) వేడిచేసి తొడిగి, గ్రైండింగ్ చేయడం. మంచి టర్నర్, ఒక సిలిండ్రికల్ గ్రైండర్, డయల్ గేజ్ ఉంటే చాలు. జనరేటర్ మీద కూడా నడుస్తుంది. హుద్‌హుద్ లాంటి వారంలో నిలబడే పద్ధతి ఇదే.

చిక్కు రెండు చోట్ల. మొదటిది కొలత. ఇప్పుడు చేతిలో పట్టే త్రీడీ స్కానర్లు చాలా షాపుల్లోకి వచ్చాయి. స్కాన్ చేసి అచ్చం అలాగే కోసేస్తే అరిగిన భాగానికి అరిగిన కాపీ తయారవుతుంది. స్కానర్‌కు అరుగుదల ఎంతో తెలీదు. జతగా కూర్చునే భాగం కొలిచి, ఫిట్ (రెండు భాగాల మధ్య ఎంత వదులు, ఎంత బిగువు ఉండాలన్నది) ఏదో లెక్కవేసి, అసలు సైజు మనిషే తేల్చాలి. లిమిట్స్, ఫిట్స్ తెలిసిన ఫిట్టరు విలువ ఇక్కడ తెలుస్తుంది.

రెండోది లోహం. తుపాకీలా పట్టుకుని చూసే ఎక్స్‌రే పరీక్ష పరికరం నికెల్, క్రోమియం, మాలిబ్డినం చెబుతుంది, కార్బన్ చెప్పదు. అంటే 316, కార్బన్ తక్కువుండే 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ రకాల మధ్య తేడా దానికి దొరకదు. వెల్డింగ్ చేయాల్సిన భాగానికి ఆ తేడా ముఖ్యం. ముక్క కోసి ల్యాబ్‌లో స్పార్క్ పరీక్ష (స్పెక్ట్రోమీటర్‌తో) చేయించాలి. ఇక మార్కెట్లో దొరికింది కదా అని గన్‌మెటల్ బదులు పసుపు ఇత్తడితో వాల్వ్ స్పిండిల్ చేసి ఇచ్చేవాళ్లున్నారు. సముద్రపు నీటిలో ఇత్తడిలోని జింక్ కరిగిపోయి, పైకి ఆకారం అలాగే ఉండి లోపల స్పాంజిలా మిగులుతుంది. ఒకరోజు చేత్తో తిప్పితే విరుగుతుంది. ఇలాంటి ఒక్క పనితో షాపు పేరు పోతుంది.

## లేజర్ క్లాడింగ్

నా ఓటు ఎక్కువ పడేది దీనికే. లేజర్ చిన్న చోట కరిగిస్తుంది, అందులోకి పౌడరో వైరో పడుతుంది, అసలు లోహంతో నిజంగా అతుక్కుంటుంది. మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో పోలిస్తే వేడి చాలా తక్కువ, కింది లోహం పై పొరలో కలిసేది కూడా కొద్ది శాతమే. ఒక్కో పొర అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల వరకు పేర్చుకోవచ్చు. మన షాఫ్ట్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. గాడి శుభ్రం చేసి, పేర్చి, గ్రైండ్ చేసి, రంగు నీళ్లతో డీపీ టెస్ట్ చేసి పగుళ్లు చూసి ఇచ్చేయొచ్చు. స్లీవ్ తొడగడానికి షాఫ్ట్‌ను సన్నం చేయక్కర్లేదు, సన్నబడి బలం తగ్గే బాధ లేదు.

ఖర్చు లక్షల్లో మొదలై రోబో, పెద్ద పవర్ తీసుకుంటే కోటి దాటుతుంది. ఆపరేటర్‌కు లేజర్ భద్రత నేర్పాలి, ప్రత్యేక గది కావాలి, అద్దాలు లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు. చిన్న కుర్రాళ్లను 'కాసేపు పట్టుకో' అని నిలబెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. పౌడర్ నిల్వ ఇంకో తలనొప్పి. మన ఉప్పుగాలి, తేమకు పౌడర్ తడిసి గడ్డకడితే నాజిల్ మూసుకుపోతుంది, పొరలో రంధ్రాలు వస్తాయి. వైరుతో నడిచే హెడ్ తీసుకుంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. ముప్పు కోణంలో చూసినా వైరే మేలు, నెలల తరబడి నిల్వ పెట్టుకోవచ్చు.

2022లో అమెరికా నౌకాదళం యూఎస్ఎస్ బటాన్ ఓడ మీద పెట్టిందీ ఇలాంటిదే. మామూలు సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్‌కు లేజర్‌తో వైరు కరిగించే హెడ్ తగిలించారు. పేర్చడం, కోయడం ఒకే చోట. మరుసటి ఏడాది ఆ ఓడ సిబ్బంది ఒక కంప్రెసర్ స్ప్రేయర్ ప్లేట్‌ను ఐదు రోజుల్లో చేసుకుని బిగించారు. అక్కడ కొత్తగా పెట్టింది హెడ్ మాత్రమే, మిగతాదంతా మన టర్నర్లకు తెలిసిన మెషీనే.

## ఆర్క్ వెల్డింగ్ పేర్పు, రోబోతో

మిగ్ వెల్డింగ్ పవర్ సోర్సు, రోబో చెయ్యి, వైరు. అంతే. గంటకు కిలోల లెక్కన లోహం పేరుస్తుంది, ముడిసరుకు మామూలు వెల్డింగ్ వైరే. లోహం పేర్చే పద్ధతుల్లో పెద్ద భాగాలకు ఇది చవకైన దారి. 2017లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో నికెల్ అల్యూమినియం బ్రాంజ్‌తో 1.35 మీటర్ల ప్రొపెల్లర్‌ను 298 పొరల్లో ఇలాగే పేర్చారు, బరువు సుమారు 400 కిలోలు. దాన్ని క్లాస్ సొసైటీ (ఓడల నాణ్యత పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పరీక్షించి ఒప్పుకుంది కూడా.

దీని ఉపరితలం ముతకగా వస్తుంది, పైన రెండు మూడు మిల్లీమీటర్లు కోసేయాలి. వేడి ఎక్కువ, వంకర్లు ఎక్కువ. మన షాఫ్ట్‌కు పనికిరాదు. బ్రాకెట్లు, హౌసింగ్‌లు, పెద్ద ఫ్లాంజ్‌లు, యాంకర్ యంత్రాల భాగాలకు బాగుంటుంది. వైజాగ్‌కు దీనిలో సహజమైన బలం ఉంది. షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్, బీహెచ్‌ఈఎల్ ప్లేట్ల కర్మాగారం వల్ల కోడ్ వెల్డర్లు (పరీక్ష పాసై సర్టిఫికెట్ ఉన్న వెల్డర్లు) తరతరాలుగా ఇక్కడున్నారు. రోబోకు వెల్డ్ పూల్ (కరిగిన లోహపు మడుగు) చదవడం నేర్పాల్సింది వాళ్లే.

## కోల్డ్ స్ప్రే, హెచ్‌వీఓఎఫ్

ఈ రెంటినీ కలిపి మాట్లాడతారు కానీ వేరు. కోల్డ్ స్ప్రేలో లోహపు పొడి కరగదు. వేడి గ్యాస్‌తో సెకనుకు 500 మీటర్ల పైన వేగంతో కొడితే నలిగి అతుక్కుంటుంది. అల్యూమినియం, రాగికి అద్భుతం. మన మూడో నమూనా, తుప్పు తిన్న కేసింగ్, దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది: వంకర రాదు, బేరింగ్ సీటు కదలదు. అమెరికా ఆర్మీ హెలికాప్టర్ల మెగ్నీషియం గేర్‌బాక్స్ కేసింగ్‌లు బాగుచేసుకోవడానికి దీన్నే పట్టుకుంది. 2023లో ఉక్రెయిన్‌కు కూడా కోల్డ్ స్ప్రే ప్రింటర్లు ఇచ్చారు.

గట్టి ఉక్కుల దగ్గర మాత్రం ఇది తడబడుతుంది. హీలియం వాడితే బాగా అతుకుతుంది, కానీ హీలియం ఖరీదు, దిగుమతి. నైట్రోజన్‌తో సరిపెట్టుకోగల పనులు మాత్రమే మనం తీసుకోవాలి.

హెచ్‌వీఓఎఫ్ అంటే ఇంధనాన్ని ఆక్సిజన్‌తో మండించి, ఆ వేగపు మంటతో పొడిని కొట్టి పూత వేయడం. షాఫ్ట్‌లకు, స్లీవ్‌లకు ఎప్పటినుంచో వాడుతున్నదే. టంగ్‌స్టన్ కార్బైడ్ పూత పల్చగా, రాయిలా ఉంటుంది. హార్డ్ క్రోమ్ ప్లేటింగ్‌కు మంచి ప్రత్యామ్నాయం, క్రోమ్ తొట్టెల విషం బాధ లేదు. అయితే పూత పట్టు యాంత్రికమే, దెబ్బ తగిలితే ఊడొచ్చు. లోతైన గాడి నింపడానికి ఇది కాదు.

## పౌడర్ బెడ్ మెటల్ ప్రింటర్

టీవీలో చూపించేది ఇదే. పౌడర్ పల్చగా పరిచి, లేజర్‌తో పొరపొరగా కరిగించడం. ఒక్కో పొర 30 నుంచి 60 మైక్రాన్లు. లోపల కాలువలున్న నాజిల్స్, ఫ్యూయల్ భాగాలు, పోతకూ కోతకూ లొంగని ఆకారాలు దీనితో వస్తాయి. ఇందులో దీనికి పోటీ లేదు.

కానీ మరమ్మతు పనికి ఇది నేరుగా పనికిరాదు, ఉన్న భాగం మీద పేర్చడం దాదాపు కుదరదు. మామూలు మెషీన్ పెట్టె ఒక్కో పక్క 250 మిల్లీమీటర్లు. ప్రింట్ అయ్యాక వేడిచేసి ఒత్తిడి తగ్గించాలి, ప్లేటు నుంచి వైర్‌కట్‌తో (కరెంటు పారే సన్న తీగతో కోసే మెషీన్) విడదీయాలి, కూర్చునే ముఖాలు మళ్లీ సీఎన్‌సీ మీద కోయాలి. అంటే పాత షాపు లేకుండా కొత్త మెషీన్ ఒంటరి. ఆర్గాన్ నిరంతరం కావాలి. అల్యూమినియం, టైటానియం పౌడర్లు మంటలకు, పేలుడుకు కారణమవుతాయి, ఇరుకు షెడ్డులో పెట్టే సరుకు కాదు. పెట్టుబడి కోట్లలో. నెలలో సగం రోజులు ఖాళీగా ఉంటే ఈఎంఐ కట్టలేరు. అవసరమైనప్పుడు ప్రింట్ బయట చేయించుకుని, ఫినిషింగ్, పరీక్షలు మీ షాపులో పెట్టుకోవడం తెలివైన దారి.

## చవక ప్లాస్టిక్ ప్రింటర్‌ను తీసిపారేయకండి

రెండో నమూనా ఇంపెల్లర్‌కు నేను సూచించేది దీన్నే. లోహం ప్రింట్ చేయడానికి కాదు, ప్యాటర్న్‌కు, అంటే పోత అచ్చు తీయడానికి వాడే నమూనాకు. కర్ర ప్యాటర్న్ చెక్కే పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు, ఇంపెల్లర్ రెక్కల వంపు చెక్కడానికి వారాలు పడుతుంది. డిజైన్ సిద్ధమైతే ప్లాస్టిక్ ప్యాటర్న్, కోర్ బాక్స్ (లోపలి ఖాళీకి ఇసుక ముద్ద చేసే పెట్టె) రెండు మూడు రోజుల్లో వస్తాయి. పోత చల్లబడితే కుదించుకుపోతుంది కాబట్టి గన్‌మెటల్‌కు సుమారు ఒకటిన్నర శాతం పెద్దదిగా చేసి ఫౌండ్రీకి ఇవ్వాలి. ప్రింటర్ ఖరీదు ఒక మంచి మొబైల్ ఖరీదు దగ్గర ఉంటుంది. మెషీన్‌కన్నా ఫౌండ్రీ మేస్త్రీ చెయ్యి, పోసేటప్పుడు వేడి ముఖ్యం. ఫైల్ ఒకసారి తయారైతే ఓడ ఎక్కడున్నా దగ్గర్లోని ఫౌండ్రీలో పోయించుకోవచ్చు.

## ఒక్క చూపులో

| పద్ధతి | దేనికి బాగు | బయటినుంచి కావాల్సినవి | కరెంటు, దారులు పోయిన వారంలో | నమూనాల్లో దేనికి |
|---|---|---|---|---|
| లేత్, సీఎన్‌సీ | కొత్త భాగం, స్లీవ్, బుష్ | ముడి లోహం | జనరేటర్ మీద నడుస్తుంది | షాఫ్ట్ |
| లేజర్ క్లాడింగ్, వైరుతో | అరిగిన షాఫ్ట్‌లు, సీట్లు | వైరు, ఆర్గాన్ | నిల్వ ఉంటే కొన్నాళ్లు | షాఫ్ట్ |
| ఆర్క్ పేర్పు | పెద్ద, మొరటు భాగాలు | వైరు, గ్యాస్ | పెద్ద జనరేటర్ ఉంటే | ఏదీ కాదు |
| కోల్డ్ స్ప్రే | అల్యూమినియం, రాగి | పౌడర్, నైట్రోజన్ | సిలిండర్లు ఉన్నంతవరకు | కేసింగ్ |
| పౌడర్ బెడ్ | చిన్న, క్లిష్టమైన కొత్త భాగం | పౌడర్, ఆర్గాన్, నికర కరెంటు, సర్వీసు | ఆగిపోతుంది | ఏదీ కాదు |
| ప్లాస్టిక్ ప్యాటర్న్, పోత | ఇంపెల్లర్, వాల్వ్ బాడీ | ప్లాస్టిక్ తీగ, ఫౌండ్రీ | ఫౌండ్రీ నడిస్తే చాలు | ఇంపెల్లర్ |

స్టోర్‌లో స్పేర్ ముందే పెట్టుకోవడం అనే పద్ధతిని పట్టికలో వేయలేదు. అది దొరికితే అన్నిటికన్నా మేలే. కానీ అన్నీ ఒకే గోడౌన్‌లో ఉంటే ఒక్క దెబ్బకు పోతాయి.

## మీరెవరు, ఏం తీసుకోవాలి

పదిమంది లోపు పనిచేసే షాపైతే, మొదటి ఏడాది పెద్ద మెషీన్ల జోలికి వెళ్లకండి. మంచి మైక్రోమీటర్లు, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, ఒక స్కానర్, ఒక ప్లాస్టిక్ ప్రింటర్, నమ్మకమైన ల్యాబ్‌తో ఒప్పందం, ఇవి చాలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) లేకపోతే ముందు అది చేయించండి. కేంద్ర ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి ఉండాలన్న నియమం మీకు అప్పుడే పనికొస్తుంది. స్వదేశీకరణ కోసం రక్షణ శాఖ 2020లో పెట్టిన సృజన్ పోర్టల్‌లో దిగుమతి అవుతున్న వస్తువుల జాబితాలుంటాయి. అందులో మీ లేత్‌కు లొంగేవి వెతుక్కోండి.

ఇప్పటికే సీఎన్‌సీ, గ్రైండింగ్ ఉండి, షిప్ రిపేర్ కాంట్రాక్టర్ల పని వస్తున్న షాపైతే, లేజర్ క్లాడింగ్‌కు ఇదే సమయం. ఒక్కరే భరించలేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టండి. కానీ ఆపరేటర్‌ను సొంత మనిషిని చేసుకోండి. ఈ పనిలో మెషీన్‌కన్నా అతనే ముందు వేరేచోటికి వెళ్లిపోతాడు. చేతి డబ్బు కూడా చూసుకోండి. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం ఉన్నా, కాంట్రాక్టరు చేతుల మీదుగా వచ్చే బిల్లుకు అంతకన్నా ఎక్కువ పట్టొచ్చని లెక్కవేసుకునే అప్పు చేయండి.

ఐటీఐ, డిప్లొమా చదివే పిల్లలు 'త్రీడీ ప్రింటింగ్ కోర్సు'కు డబ్బులు కట్టేముందు ఒకటి అడగండి: లోహాల గురించి ఎంత చెబుతారు? బటన్లు నొక్కడం రెండు వారాల్లో వస్తుంది. వెల్డ్ పక్కన లోహం ఎందుకు పెళుసవుతుందో, ఏ వేడికి ఏమవుతుందో తెలిసిన కుర్రాడికి ఈ మెషీన్లన్నిటి మీదా పని దొరుకుతుంది. నన్నడిగితే ముందు వెల్డింగ్, ఆ తర్వాత పరీక్షల్లో సర్టిఫికెట్, తర్వాతే ప్రింటింగ్.

ఓడల తరఫున పని ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట. షాపులు చూసి పని పంచేటప్పుడు మెషీన్ల లిస్టు ఒక్కటే అడక్కండి. ఒకే భాగాన్ని రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు పద్ధతుల్లో చేయించి, ముందే ఒప్పుకుని పెట్టుకోండి. గాజువాకలో ఒకటి, అచ్యుతాపురం వైపు ఒకటి ఉంటే ఒకచోట దెబ్బ తగిలినా రెండోది మిగిలే అవకాశం ఎక్కువ. అనుమతుల కాగితాలు శాంతి సమయంలో నెలలు పడతాయి. ఆ నెలలు ఇప్పుడే ఖర్చుపెట్టాలి.

మెషీన్ కొనడానికి డెమోకు వెళ్లేవాళ్లు ఖాళీ చేతులతో వెళ్లకండి. మీ దగ్గర పడి ఉన్న అరిగిన షాఫ్ట్ ఒకటి పట్టుకెళ్లి దానిమీదే చేయించుకోండి. తర్వాత ఆ చోట అడ్డంగా కోయించి ల్యాబ్‌కు పంపండి: పగుళ్లున్నాయా, రంధ్రాలున్నాయా, గట్టిదనం ఎంత, కింది లోహం ఎంత లోతు వరకు మారింది. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర అడ్వాన్స్ ఇవ్వకుండా టీ తాగి వచ్చేయండి.